ఆ చొక్కా నిజం చెబుతోందా?

ముదురాకుపచ్చ చొక్కా. ఉతికి ఉతికి రంగు వెలిసింది. కాలర్ మడత దగ్గర పోగులు లేచాయి. ఎడమ జేబు పైన ‘యూఎస్ ఆర్మీ’ అన్న పట్టీ. కుడి జేబు పైన ఎవరిదో ఇంటిపేరు. దుకాణంలో కూర్చున్నామె దాన్ని ఒక్కసారి విదిలించి చేతిలో పెడుతుంది. ‘అసలుది... యుద్ధంలోది’ అంటుంది వచ్చీరాని ఇంగ్లిషులో. కాలిక్యులేటర్ మీద ధర నొక్కి చూపిస్తుంది.

నిజంగానే అది యుద్ధం చూసిన చొక్కాయా? లేక నిన్నగాక మొన్న ఏ టైలరో కుట్టి, ఎండలో ఆరేసి, రాయి మీద బాది పాతగా చేసిందా?

వియత్నాంలోని హో చి మిన్ నగరంలో, అంటే ఒకప్పటి సైగాన్‌లో, డాన్ సిన్ మార్కెట్‌కు వెళ్లిన వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబు కూడా అక్కడే ఉంది, ఆ చొక్కాలోనే. అడగడం తెలియాలంతే!

బతుకుతెరువు బజారు

నగరం నడిబొడ్డున బెన్ థాన్ మార్కెట్ ఉంటుంది. పర్యాటకులంతా ముందు వెళ్లేది అక్కడికే. దానికి నడిచి వెళ్లేంత దూరంలో యెర్సిన్ వీధి. 1894లో ప్లేగు క్రిమిని కనిపెట్టి, ఆ తర్వాత జీవితమంతా వియత్నాంలోనే గడిపిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ యెర్సిన్ పేరది. ఆ వీధిలోనే డాన్ సిన్ మార్కెట్. రాసేది అలా రాసినా, సైగాన్ వాళ్ల నోట్లో అది ‘యన్ సిన్’ లాగా పలుకుతుంది. ఆ మాటకు అర్థం ప్రజల బతుకుతెరువు.

లోపలికి అడుగుపెట్టగానే ‘ఇదేంటి, దారి తప్పామా’ అనిపిస్తుంది. ముందు వరుసల్లో ఉండేవన్నీ నీళ్ల మోటార్లు, డ్రిల్లింగ్ మిషన్లు, గొలుసులు, బోల్టులు, నట్లు. గ్రీజు వాసన. మెకానిక్కులూ మేస్త్రీలూ వచ్చి తమకు కావాల్సింది తీసుకుని వెళ్తుంటారు. వాటన్నింటినీ దాటుకుని వెనక్కి వెళ్తే... గాలి మారుతుంది. పాత కాన్వాస్ వాసన, బూజు వాసన, బూటు పాలిష్ వాసన. ఒక మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు సందులు. రెండువైపులా పైకప్పు దాకా సంచులు, హెల్మెట్లు, నీళ్ల సీసాలు, గ్యాస్ మాస్కులు, దిక్సూచులు, జిప్పో లైటర్లు. వాటి మధ్య మడతలు పెట్టిన ఆకుపచ్చ చొక్కాల గుట్టలు.

కొన్నింటి మీద ధూళి నిజం. కొన్నింటి మీద ధూళి కూడా నకిలీనే!

ఆ గుట్టలు ఎక్కడివి?

వియత్నాం యుద్ధం ఉధృతంగా ఉన్న రోజుల్లో, 1969 ఏప్రిల్ నాటికి అక్కడున్న అమెరికా సైనికులు 5 లక్షల 43 వేల మందికి పైనే. ఒక్కొక్కరికీ నాలుగైదు జతలు లెక్కేసుకున్నా ఎన్ని చొక్కాలో ఊహించుకోవచ్చు. వాటికి తోడు దక్షిణ వియత్నాం సైన్యానికి అమెరికా ఇచ్చిన సరంజామా. 1973 మార్చి 29న చివరి అమెరికా పోరాట దళాలు వెళ్లిపోయాయి. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు సైగాన్‌లోని అధ్యక్ష భవనం గేటును బద్దలుకొట్టుకుని లోపలికి వెళ్లాయి. యుద్ధం ముగిసింది. గోదాముల్లో ఉన్నవి ఉన్నట్టే మిగిలిపోయాయి.

తర్వాతి ఏళ్లు అక్కడి జనానికి చాలా గడ్డువి. గట్టి బట్ట ఏది దొరికినా అది తొడుక్కోవడానికే. సైనికుల చొక్కాలు పొలాల్లో, రిక్షాల మీద, కూలిపనుల్లో అరిగిపోయాయి. 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1994 ఫిబ్రవరిలో అమెరికా వాణిజ్య ఆంక్షలు ఎత్తేసింది. పర్యాటకులు రావడం పెరిగింది. వాళ్లలో ఒకప్పుడు అక్కడ పోరాడిన మాజీ సైనికులూ ఉన్నారు. యుద్ధ జ్ఞాపకాలు సేకరించేవాళ్లూ ఉన్నారు. ఇంకోవైపు పాత సైనిక చొక్కా ఫ్యాషన్‌గా మారింది. 1972లో న్యూయార్క్‌లో ఇచ్చిన కచేరీలో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ వేసుకున్నది కూడా అమెరికా సైన్యపు ఆకుపచ్చ చొక్కానే.

అసలు సరుకేమో తరిగిపోతోంది. అడిగేవాళ్లేమో పెరుగుతున్నారు. మధ్యలో కుట్టుమిషన్ ఉంది. మిగతా కథ చెప్పక్కర్లేదు కదా!

లేబులే జాతకం

అనుభవమున్న సేకర్తలు చొక్కా చేతికి రాగానే ముందు చూసేది పైనున్న బ్యాడ్జీల్ని కాదు. లోపలున్న లేబుల్‌ని. మెడ దగ్గరో, జేబు లోపలి వైపో కుట్టి ఉండే ఆ చిన్న గుడ్డముక్క చొక్కా జాతకం లాంటిది.

అందులో ‘డీఎస్ఏ-100’ అనే అక్షరాలూ, వాటి పక్కనే రెండంకెలూ ఉంటాయి. డీఎస్ఏ అంటే సైన్యానికి సరుకులు కొనిపెట్టే డిఫెన్స్ సప్లై ఏజెన్సీ. పక్కనున్న రెండంకెలు కాంట్రాక్టు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం. 67 అని ఉంటే 1967. అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం జులైలో మొదలయ్యేది కాబట్టి, అది 1966 జులై నుంచి 1967 జూన్ మధ్య కుదిరిన కాంట్రాక్టు అన్నమాట. 1977లో ఆ సంస్థ పేరు డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీగా మారింది. దాంతో లేబుల్ మీద డీఎల్ఏ అని వేయడం మొదలైంది. కాబట్టి డీఎల్ఏ అని ఉన్న చొక్కాను చూపించి ‘వియత్నాం యుద్ధంలో వేసుకున్నది’ అంటే నమ్మాల్సిన పని లేదు. అది అసలైన సైనిక చొక్కాయే కావచ్చు. కానీ యుద్ధం అయిపోయాక పుట్టింది.

ఇంకో అంకెల వరస కూడా ఉంటుంది. 84తో మొదలయ్యే స్టాక్ నంబరు. 1974 దాకా ఇందులో పదకొండు అంకెలుండేవి. ఆ ఏడాది చివర్లో పదమూడు అయ్యాయి. అప్పటికే అమెరికా పోరాట దళాలు వెళ్లిపోయి ఏడాదిన్నర. అంటే కాగితం, కలం కూడా అక్కర్లేదు. అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు!

లేబుల్ మీద బట్ట రకం కూడా రాసి ఉంటుంది. సైనికులు రోజువారీ వేసుకునే మామూలు చొక్కాను ‘ఓజీ-107’ అంటారు. ఓజీ అంటే ఆలివ్ గ్రీన్. 1952లో వచ్చిన ఈ రకం నూటికి నూరుపాళ్లు కాటన్. పాలియెస్టర్ కలిపిన రకం, మన భాషలో చెప్పాలంటే టెరీకాటన్ రకం, 1975లో వచ్చింది. దాని పేరు ‘ఓజీ-507’. కాబట్టి ఆ చొక్కా మీద 1968 నాటి కథ వినిపిస్తే... కథ బావుందని మెచ్చుకుని ముందుకు కదలడమే.

లేబుల్ కొత్తగా ఉండి చొక్కా జీర్ణమైపోయి ఉన్నా అనుమానించాల్సిందే. చొక్కాతోపాటే లేబుల్ కూడా ఉతుకుల్లో నలగాలి కదా. అక్షరాలు నిక్కచ్చిగా మెరుస్తుంటే, అది వేరేచోట పుట్టి ఇక్కడికి కాపురానికి వచ్చిందని అర్థం.

జేబులూ గుండీలూ సాక్షులే

అడవుల్లో పోరాడే సైనికుల కోసం అమెరికా సైన్యం 1960ల్లో వేరే చొక్కా తయారుచేయించింది. పలచని పాప్లిన్ బట్ట. తొందరగా ఆరుతుంది. ఛాతీ మీది జేబులు తిన్నగా కాకుండా ఏటవాలుగా ఉంటాయి. పైన బెల్టులూ పట్టీలూ బిగించుకున్నా చెయ్యి సులువుగా జేబులోకి పోవాలని అలా పెట్టారు.

ఈ చొక్కా కొద్ది ఏళ్లలోనే మూడు రూపాలు మారింది. మొదటి రకంలో జేబు గుండీలు బయటికి కనిపించేవి. తీగలకీ కొమ్మలకీ చిక్కుకుంటున్నాయని రెండో రకంలో గుండీల్ని మడత కింద దాచేశారు. భుజాల మీది పట్టీలు మాత్రం ఉంచారు. మూడో రకంలో ఆ పట్టీలూ పోయాయి. తర్వాత, 1960ల చివర్లో, బట్టే మారింది. చిరిగినా చిరుగు పాకకుండా మధ్యమధ్యలో లావు పోగులు వేసి నేసిన రిప్‌స్టాప్ బట్ట వచ్చింది. వెలుతురుకు పట్టి చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు లెక్క తేలిక. గళ్ల బట్ట మీద 1964 లేబుల్ ఉంటే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. గుండీలు బయటికి కనిపించే రకం మీద 1969 లేబుల్ ఉన్నా అంతే.

పట్టీల రంగులకూ కాలం ఉంది. మొదట్లో పేరు పట్టీ తెల్లగా ఉండేది. ‘యూఎస్ ఆర్మీ’ అన్న అక్షరాలు నల్లటి గుడ్డ మీద పసుపు రంగులో మెరిసేవి. అడవిలో శత్రువుకు గురిపెట్టడానికి అంతకంటే ఏం కావాలి? అందుకే 1966 నుంచి మెల్లగా ఆకుపచ్చ మీద నలుపు అక్షరాలకు మారారు.

భుజం మీది దళం బ్యాడ్జీని కూడా లేబుల్ సంవత్సరంతో కలిపి చదవాలి. ఉదాహరణకు మెకాంగ్ డెల్టాలో పోరాడిన 9వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ 1966 డిసెంబరులో వచ్చింది. 1969లో చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన బ్రిగేడ్ 1970లో వెనుదిరిగింది. ఆ బ్యాడ్జీ ఉన్న చొక్కా లోపల 72 అని లేబుల్ ఉందనుకోండి. దాన్ని ఆ దళం సైనికుడు వియత్నాంలో తొడుక్కునే అవకాశమే లేదు.

దారం దాచలేదు

చొక్కా నిజమైనదే అయినా, దాని మీద కుట్టిన బ్యాడ్జీ నిన్నటిదై ఉండొచ్చు. డాన్ సిన్‌లో జాగ్రత్తపడాల్సింది దీని గురించే. ఎందుకంటే ఏ గుర్తూ లేని ఉత్త చొక్కాకు ధర తక్కువ. లక్షల్లో తయారైనవి కదా. దానికే ఒక పేరూ, ఒక దళం గుర్తూ తగిలిస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ పనికొచ్చేది కంటిచూపూ, వేలికొసలూ. చొక్కాను తిరగేసి పట్టీ వెనకవైపు చూడాలి. ఎండకూ వానకూ బట్టతోపాటు దారం కూడా వెలుస్తుంది. పాత బట్ట మీద కొత్త దారం పెళ్లికొచ్చిన చుట్టంలా తెలిసిపోతుంది. పట్టీ అంచును కొంచెం ఎత్తి చూస్తే దాని కింద బట్ట రంగు ముదురుగా ఉండాలి. ఎండ తగలని చోటు కదా. పైనా కిందా ఒకే రంగు ఉంటే పట్టీ కొత్తగా వచ్చి చేరిందని అర్థం. పట్టీ పక్కనే ఖాళీ సూది రంధ్రాల వరస కనిపిస్తే, అక్కడ ఇంతకుముందు ఇంకేదో ఉండేది.

అరుగుదల కూడా పద్ధతి ప్రకారం ఉంటుంది. మనిషి వేసుకున్న చొక్కా కాలర్ మడత దగ్గర, మణికట్టు అంచుల్లో, మోచేతుల దగ్గర ముందు పాడవుతుంది. జేబు మూతల కింద రంగు నిలుస్తుంది. రసాయనాల్లో ముంచి పాతగా చేసిన చొక్కా అంతటా ఒకేలా వెలుస్తుంది. ఎవరూ వేసుకోకుండానే ముసలిదైపోయిన చొక్కా అది.

కొందరు జేబులో చిన్న అల్ట్రావయొలెట్ టార్చి పెట్టుకొస్తారు. దొంగనోట్లు పట్టే లైటు లాంటిదే. కొత్తరకం దారాల్లో, బట్టల్లో తెలుపు పెంచే రసాయనాలుంటాయి. ఆ వెలుతురు పడగానే అవి నీలంగా మెరుస్తాయి. అయితే ఇదే చివరి తీర్పు కాదు. ఇప్పటి సబ్బుపొడుల్లోనూ అవే రసాయనాలున్నాయి. నిజమైన పాత చొక్కాను కూడా ఒక్కసారి ఆ పొడితో ఉతికితే మెరుస్తుంది. చొక్కా మెరవకుండా, పట్టీ కుట్టిన దారం ఒక్కటే మెరిస్తే మాత్రం ఆలోచించాలి.

అసలు చిక్కు ఇక్కడే

ఇంతవరకూ చదివాక ‘అయితే అమెరికా కుట్టు అసలు, సైగాన్ కుట్టు నకిలీ’ అనుకుంటే పొరపాటే.

యుద్ధం రోజుల్లో అమెరికా స్థావరాల గేట్ల దగ్గర, సైగాన్ వీధుల్లో టైలర్ల దుకాణాలు బోలెడుండేవి. కొత్తగా వచ్చిన సైనికుడు చొక్కా తీసుకెళ్లి అక్కడే పేరు కుట్టించుకునేవాడు. దళం బ్యాడ్జీలు కూడా ఎన్నో అక్కడి మిషన్ల మీద తయారైనవే. ఇంగ్లిషు రాని చేతులు ఇంగ్లిషు అక్షరాల్ని చూసి చూసి కుట్టిన పట్టీలవి. అక్షరం కాస్త వంకరపోవడం, గీత అటూఇటూ కావడం మామూలే. పులిచారల చొక్కాల సంగతి ఇంకా విచిత్రం. అవి ఏనాడూ అమెరికా సైన్యం అధికారికంగా ఇచ్చినవి కావు. అక్కడి బట్టతో ఆ చుట్టుపక్కలే కుట్టినవి. వాటి లోపల డీఎస్ఏ లేబుల్ కోసం వెతకడం దండగ.

అంటే, అసలు చొక్కా మీద ఉన్నదీ సైగాన్ టైలర్ కుట్టే. నకిలీ చొక్కా మీద ఉన్నదీ సైగాన్ టైలర్ కుట్టే. 1968లో ఒక సైనికుడి పేరు కుట్టిన చెయ్యి, పాతికేళ్ల తర్వాత ఒక పర్యాటకుడి కోసం ఇంకో పేరు కుట్టి ఉండొచ్చు. సూది అదే, ఊరూ అదే. మారింది కాలం. మొదటిసారి కుట్టినప్పుడు ఆ పేరుగల మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండోసారి అక్కడ ఎవరూ లేరు.

అందుకే ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. బట్ట, లేబుల్, గుండీ, పట్టీ, దారం, అరుగుదల... అందరూ కలిసి ఒకే కథ చెప్పాలి. ఊరి పంచాయతీలో సాక్షుల్ని విడివిడిగా అడిగినట్టు, ఒక్కొక్కదాన్నీ వేరువేరుగా అడగాలి. మాటలు కలిస్తే నిజం. కలవకపోతే బేరం ఎంత తగ్గినా వద్దు.

ఆ పేరు ఎవరిది?

‘పోన్లే, కొన్ని డబ్బులే కదా పోయేది’ అనుకోవచ్చు. కానీ ఈ బజారులో డబ్బుకంటే పెద్దది ఒకటుంది. అది పేరు.

వాషింగ్టన్‌లో 1982లో ప్రారంభించిన వియత్నాం సైనికుల స్మారక గోడ మీద 58 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. చొక్కా మీది ఇంటిపేరు అందులో ఎక్కడో ఒకచోట ఉండే అవకాశం ఎక్కువే. కొన్నవాళ్లు ఊరికే ఉండరు. వెతుకుతారు. ‘ఇది మీ అబ్బాయిదేమో’ అని ఏ ఇంటికో కబురు పెడతారు. యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన అమెరికన్లు ఇప్పటికీ దాదాపు పదిహేను వందల మంది ఉన్నారు. అటువంటి ఇంటికి ఈ కబురు వెళ్తే? అరవై ఏళ్లుగా మానని గాయం మళ్లీ తెరుచుకుంటుంది. తీరా చూస్తే ఆ పట్టీ ఏదో జాబితా చూసి కుట్టినదై ఉంటుంది.

నాణేనికి రెండోవైపు కూడా ఉంది. వియత్నాం సైనికుల్లో అవశేషాలు దొరకనివాళ్లు, దొరికినా పేరు తెలియనివాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల తల్లులూ తోబుట్టువులూ ఈ దేశంలోనే, బహుశా ఈ వీధుల్లోనే ఉన్నారు. డాన్ సిన్ గుట్టల్లో ఎక్కువ ధర పలికే పేర్లు మాత్రం వాళ్లవి కావు.

పేర్ల విషయంలో అనుభవజ్ఞులు చూసే గుర్తు ఒకటుంది. సైనికులు లాండ్రీలో బట్టలు కలిసిపోకుండా కాలర్ లోపల సిరాతో ఒక ముద్ర వేసుకునేవారు. ఇంటిపేరులో మొదటి అక్షరం, తన నంబరులో చివరి నాలుగంకెలు. మన చాకలి గుర్తుల్లాంటివే. కాలర్ లోపల ‘ఎం’ అని ఉండి, జేబు మీద పేరు ‘కె’తో మొదలైతే, ఆ రెండూ ఒక మనిషివి కావు.

ఇంకో సంగతి తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అడవుల్లో తిరిగే పోరాట దళాలకు ఉతికిన బట్టలు మూటలుగా వచ్చేవి. మాసిన చొక్కా అక్కడ పడేసి, మూటలోంచి తనకు సరిపోయేది లాక్కుని తొడుక్కోవడమే. ఈ వారం తన ఒంటిమీద ఉన్నది వచ్చేవారం ఇంకొకరి ఒంటిమీద ఉండేది. అలాంటి చొక్కాల మీద పేర్లెందుకుంటాయి? బ్యాడ్జీలెందుకుంటాయి? ముందు వరుసలో బురదలో పాకిన చొక్కాలు ఎన్నో ఇలా అనామకంగానే మిగిలాయి.

కాబట్టి డాన్ సిన్‌లో గుట్ట అడుగున, ఎవరూ పట్టించుకోని చోట, పట్టీ లేని, బ్యాడ్జీ లేని వెలిసిన చొక్కా ఒకటి కనిపిస్తే విసిరేయకండి. లేబుల్ తిరగేసి చూడండి. దుకాణంలో ఆమె కూడా దాన్ని పెద్దగా పొగడదు. కాలిక్యులేటర్ మీద చిన్న అంకె నొక్కుతుంది. పేరున్న చొక్కా ఎన్ని కథలైనా చెప్పొచ్చు. పేరు లేని ఆ చొక్కా చెప్పేది ఒకటే: ‘నన్ను ఎవరో తొడుక్కున్నారు. ఎవరో నాకు తెలియదు’.

ఆ బజారులో అంతకంటే నిజమైన మాట దొరకడం కష్టం.

వెళ్లాలనుకుంటే...

* భారతీయులకు వియత్నాం ఈ-వీసా సదుపాయం ఉంది. హో చి మిన్ నగరంలో మొదటి మెట్రో లైను 2024 డిసెంబరులో మొదలైంది. బెన్ థాన్ స్టేషన్‌లో దిగితే యెర్సిన్ వీధికి నడిచి వెళ్లొచ్చు.

* డాన్ సిన్‌కు వెళ్లేముందు వార్ రెమ్నెంట్స్ మ్యూజియం చూడటం మంచిది. 1975 సెప్టెంబరులో తెరిచిన మ్యూజియమిది. యుద్ధం చూసిన వస్తువులు ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది. కొన్ని ఫొటోలు మనసును కలచివేస్తాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లేముందు ఆలోచించుకోండి.

* తూటాలు, ఖాళీ తూటా గొట్టాలు, గ్రెనేడ్ బొమ్మల్లాంటివి సరదాకైనా కొనొద్దు. విమానాశ్రయంలో చిక్కుల్లో పడతారు.

* ‘నకిలీ’ అని గట్టిగా అనక్కర్లేదు. నచ్చకపోతే నవ్వి చొక్కా మడతపెట్టి ఇచ్చేయండి. బజారు పేరే బతుకుతెరువు మరి!